నిద్రమాత్రలు, ఆందోళన మందులు తగ్గించేటప్పుడు ఫ్లూ లాంటి ఒళ్ళునొప్పులు, నీరసం: తట్టుకునే మార్గాలేంటి?

#1 నీలిగోరింట

అన్నయ్య చాలా ఏళ్ళుగా రాత్రిపూట క్లోనజెపామ్ 1 మి.గ్రా. వేసుకుంటున్నాడు. మెల్లగా మానేద్దామని 0.75కి దించారు. దించి వారం దాటింది. మొదటి రెండ్రోజులు ఏమీ తెలియలేదు. ఆ తర్వాత ఒళ్ళంతా కొట్టిపడేసినట్టు నొప్పులు, మెడ పట్టేయడం, ఒకసారి చలి, ఒకసారి చెమటలు. మంచం దిగి బాత్రూమ్ దాకా వెళ్ళొస్తే మళ్ళీ పడుకోవాల్సిందే. థర్మామీటర్ పెడితే జ్వరం లేదు. ఇది మందు తగ్గించినందుకేనా? అయితే ఎన్నాళ్ళుంటుంది, ఈలోపు ఏం చేయొచ్చు? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

#2 మాత్రపెట్టె

లక్షణాలు, అవి మొదలైన తీరు చూస్తే విత్‌డ్రాయల్‌కి (అలవాటైన మందు తగ్గించినప్పుడో మానేసినప్పుడో వచ్చే బాధలకి) సరిపోతున్నాయండి. పూర్తిగా అదేనని తేల్చేసుకునే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటి గురించి కింద ఎవరైనా రాస్తారు. ముందు ఇది ఎందుకొస్తుందో చెప్తాను.

గాబా అనే రసాయనం నరాల ఉద్రేకాన్ని అణచిపెడుతుంది. బెంజోడయాజెపైన్ మందులు (క్లోనజెపామ్, ఆల్‌ప్రజోలామ్, లోరజెపామ్, డయజెపామ్ వగైరా) గాబా-ఎ గ్రాహకాల (నరకణాల మీద గాబా అతుక్కునే చోట్ల) మీద పనిచేసి ఆ అణచివేతకు బలమిస్తాయి. జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్రలు పనిచేసేదీ అక్కడే. నెలలు, ఏళ్ళు వాడితే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఆ గ్రాహకాల స్పందన మందగిస్తుంది, ఉద్రేకపరిచే గ్లుటమేట్ వైపు జోరు పెరుగుతుంది. మందు తగ్గించగానే ఆ జోరు బయటపడుతుంది. పాత స్థితికి రావడానికి మెదడుకి వారాలు పడుతుంది, కొందరికి నెలలు.

నొప్పులెందుకంటే, ఈ మందులు కండరాల బిగువు కూడా తగ్గిస్తాయి. డోసు తగ్గేసరికి మెడ, భుజాలు, దవడ, నడుము, పిక్కలు రాత్రీ పగలూ సగం బిగుసుకునే ఉంటాయి. దానికితోడు నిద్ర తెగుతూ ఉంటుంది. నిద్ర చెడితే నొప్పి మామూలుకంటే ఎక్కువగా తెలుస్తుంది. చలి, చెమటలు, గుండెదడ వచ్చేది మన అదుపులో లేని నాడీవ్యవస్థ ఉద్రేకం వల్ల.

రెండ్రోజులు ఏమీ తెలియకపోవడం కూడా సహజమే. క్లోనజెపామ్ అర్ధాయువు, అంటే ఒంట్లో మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం, సుమారు 30 నుంచి 40 గంటలు. ఏ మందైనా డోసు మార్చాక రక్తంలో కొత్త స్థాయి కుదురుకోవడానికి దాదాపు ఐదు అర్ధాయువులు పడుతుంది. అంటే ఈ మందుకి ఆరు నుంచి ఎనిమిది రోజులు. ఆల్‌ప్రజోలామ్ అర్ధాయువు దాదాపు 11 గంటలే కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే తెలిసిపోతుంది. డయజెపామ్ ఇంకా చాలా నెమ్మది, రెండు మూడు వారాలదాకా లాగుతుంది. "నిన్న బాగానే ఉన్నాను, ఇవాళ ఏమీ మార్చలేదు, మరి ఎందుకిలా?" అని చాలామంది కంగారుపడతారు. ఇవాళ్టి నొప్పి పోయిన వారం తగ్గించిన డోసు తాలూకుది కావచ్చు.

#3 తూకంరాయి

నొప్పికి ఏం వేసుకోవాలి అనేదానికంటే ముందు డోసు సంగతి చూడాలి. 1 నుంచి 0.75 అంటే ఒక్క దెబ్బకి 25 శాతం. బెంజోడయాజెపైన్ తగ్గింపు మీద 2025లో అమెరికాలో వైద్య సంఘాలు కలిసి విడుదల చేసిన మార్గదర్శకం మొదట్లో 5 నుంచి 10 శాతం చొప్పున, రెండు నుంచి నాలుగు వారాలకోసారి తగ్గించమంటుంది. రెండు వారాల్లో 25 శాతం మించకూడదని కూడా అంటుంది. అంటే మీ అన్నయ్యకి జరిగింది ఆ గరిష్ఠ హద్దు. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకి అది గట్టి దెబ్బే.

ఇప్పుడు డాక్టరు గారితో మాట్లాడాల్సిన దారులు రెండున్నాయి. కాస్తయినా నిద్ర పడుతుంటే, తింటుంటే, తన పనులు తను చేసుకోగలుగుతుంటే 0.75 దగ్గరే ఆగిపోవాలి. రెండు నుంచి నాలుగు వారాలు, అవసరమైతే ఇంకా ఎక్కువ. ఆగడం ఓటమి కాదు, తగ్గింపులో అదీ భాగమే. అలా లేకపోతే కొంచెం పైకి వెళ్ళాలి. 0.25 మాత్రని సగం చేస్తే 0.125. దాన్ని 0.75కి కలిపితే 0.875. చాలామందికి పూర్తి పాత డోసుకి వెళ్ళాల్సిన అవసరం రాదు.

ఒద్దనేది ఒక్కటే. నొప్పి ఎక్కువైన రోజున 1, తగ్గిన రోజున 0.5 అంటూ రోజుకో డోసు వేసుకోవడం. రక్తంలో స్థాయి ఎప్పటికీ కుదురుకోదు, లక్షణాలూ కుదురుకోవు. ఇక మొత్తంగా ఒక్కసారే ఆపేయడం ప్రాణాలమీదకి తెస్తుంది. ఫిట్స్ రావచ్చు.

#4 రాత్రిపిట్ట

మాత్రపెట్టె గారు వదిలిన చోట నుంచి నేను రాస్తాను. డోసు తగ్గించే కాలంలో వచ్చే ప్రతిదాన్నీ "విత్‌డ్రాయలే" అని వదిలేయడం వల్ల అసలు జబ్బులు దాగిపోతాయి. ఇది చాలా పెద్ద సమస్య.

ఉష్ణోగ్రత రోజుకి రెండుసార్లు చూసి రాసుకోండి. విత్‌డ్రాయల్‌లో చలి వణుకు, చెమటలు ఉన్నా మామూలుగా జ్వరం పెద్దగా ఉండదు. 38 డిగ్రీల సెల్సియస్ దాటితే, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4, ఇన్ఫెక్షన్ కోసం వెతకాలి. గొంతునొప్పి, దగ్గు, ఇంట్లో ఇంకొకరికి కూడా అదే బాధ ఉంటే అది అసలు ఫ్లూనే కావచ్చు.

ఇంకోటి, లక్షణాలు డోసుతో పాటు కదులుతున్నాయా? తగ్గించిన కొన్ని రోజులకి పెరిగి, ఆగితే వారాల్లో అలలుగా తగ్గుతుంటే విత్‌డ్రాయల్ అనుకోవచ్చు. డోసుతో సంబంధం లేకుండా రోజురోజుకీ పెరుగుతుంటే పరీక్షలు చేయించాలి. రక్తహీనతకి సీబీసీ, ఫెరిటిన్. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్. విటమిన్ బి12, డి. షుగరు, సోడియం, కిడ్నీ, కాలేయం. కొలెస్టరాల్‌కి స్టాటిన్ వాడుతూ కండరాలు నొప్పెడుతుంటే సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది) పరీక్ష తప్పనిసరి. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే అదే రోజు ఆసుపత్రికి.

అదే సమయంలో ఇంకే మందైనా ఆపారా అన్నది కూడా చూడండి. డిప్రెషన్ మందులు, ముఖ్యంగా పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఒక్కసారిగా ఆపినా అచ్చం ఫ్లూ లాగే ఉంటుంది. రెండు మందులు ఒకేసారి తగ్గిస్తే ఏది దేనివల్లో ఎవరూ చెప్పలేరు.

#5 నీలిగోరింట

అందరికీ ధన్యవాదాలు. వేరే మందులేమీ ఆపలేదు, స్టాటిన్ లేదు. దగ్గు, గొంతునొప్పి లేవు. ఇంట్లో పారాసిటమాల్, జలుబు మాత్రలు, పాత నడుంనొప్పికి రాసిన ట్రమడాల్, థయోకాల్చికోసైడ్ ఉన్నాయి. వీటిలో ఏది వాడొచ్చు?

#6 మాత్రపెట్టె

ఆ చివరి రెండూ ముందు పక్కన పెట్టేయండి.

ట్రమడాల్ ఫిట్స్ వచ్చే అవకాశం పెంచుతుంది. డోసు తగ్గుతున్నవాళ్ళలో ఆ ప్రమాదం ముందే ఉంది. పైగా అది ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహా నొప్పిమందు. బెంజోడయాజెపైన్‌తో కలిస్తే మత్తు, ఊపిరి మందగించడం జరుగుతాయి. ఈ కలయిక మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే మందు వివరాల్లో పెట్టె కట్టి రాసే అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది.

థయోకాల్చికోసైడ్ గురించి చాలామందికి తెలియదు. కండరాలు సడలించే మందు అని రాస్తారు గానీ అది గాబా-ఎ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. మీరు తగ్గిస్తున్న మందు చేసే పనికి సరిగ్గా ఎదురు. ఫిట్స్ ఉన్నవాళ్ళకి ఇవ్వకూడనిది. విత్‌డ్రాయల్‌లో ఉన్నవాళ్ళకి అది తగిన మందు కాదు. కండరాలు సడలించే ఇంకో మందు కారిసోప్రొడాల్ కథ ఇంకోరకం. ఒంట్లో అది మెప్రోబమేట్‌గా మారుతుంది, అది కూడా మత్తు మందే. ఒకటి వదిలించుకోబోయి ఇంకోటి అలవాటవుతుంది. నరాల నొప్పికి రాసే ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, కండరాల బిగువుకి రాసే బాక్లోఫెన్ కూడా అలవాటయ్యేవే, వాటిని ఆపేటప్పుడూ మెల్లగా తగ్గించాల్సిందే. డాక్టరు ఆలోచించి రాస్తే వేరు, సొంతంగా వద్దు.

పారాసిటమాల్ వాడొచ్చు. పెద్దవాళ్ళకి 500 నుంచి 1000 మి.గ్రా., రెండు మోతాదుల మధ్య కనీసం ఆరు గంటలు, 24 గంటల్లో 4 గ్రాములు మించకుండా. బరువు 50 కిలోల లోపున్నా, కాలేయం జబ్బున్నా, మద్యం అలవాటున్నా ఆ హద్దు ఇంకా తక్కువ, డాక్టర్నే అడగాలి. తప్పు జరిగేది ఎక్కడంటే జలుబు మాత్రల దగ్గర. చాలా జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, రెండూ వేసుకుంటే మోతాదు దాటిపోతుంది. అసలు ఈ సమయంలో జలుబు మాత్రలు వద్దనే అంటాను. వాటిలో ఉండే ఫినైల్‌ఎఫ్రిన్, సూడోఎఫిడ్రిన్, కెఫీన్ దడనీ, అశాంతినీ పెంచుతాయి.

ఐబుప్రోఫెన్ 200 నుంచి 400 మి.గ్రా., తిన్న తర్వాతే, సొంతంగా వాడితే రోజుకి 1200 దాటకుండా, కొన్ని రోజులు మాత్రమే. అల్సర్, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, రక్తం పలచబరిచే మందులు, గర్భం ఉంటే వద్దు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం డిప్రెషన్ మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం అవకాశం పెరుగుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ మాత్రలతో నొప్పి కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పోలేదు కదా అని మోతాదు పెంచకండి. నొప్పికి మూలం బిగువులోనూ, నిద్రలేమిలోనూ ఉంది.

#7 కండరంపట్టు

ఆ బిగువు గురించి.

వేడి కాపడం 15 నుంచి 20 నిమిషాలు, మధ్యలో బట్ట ఉండాలి. మెడ వెనక, రెండు భుజాల మధ్య, నడుము మీద. కాపడం సంచీ మీదే నిద్రపోతే చర్మం కాలుతుంది, అందుకని అలారం పెట్టుకోండి. మరీ వేడినీళ్ళ స్నానం వల్ల బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. గోరువెచ్చని నీళ్ళు చాలు, పక్కన కూర్చోడానికి స్టూలు వేసుకోండి.

కండరాలను బిగించి వదిలే వ్యాయామం అందరూ చెప్తారు. విత్‌డ్రాయల్‌లో బిగించే భాగమే ఇబ్బంది పెడుతుంది, పిక్కలు పట్టేస్తాయి. కాబట్టి బిగించడం మానేసి వదలడం మాత్రమే చేయండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద దిండు పెట్టుకోవాలి. దవడ దగ్గర మొదలుపెట్టండి. పై పళ్ళు కింది పళ్ళకి తగలకుండా, పెదాలు మూసి, నాలుక అంగిట్లో ఆనించి ఉంచాలి. తర్వాత భుజాలు చెవులకి దూరంగా జారుతున్నాయని గమనించాలి. తర్వాత చేతులు, పొట్ట, తొడలు. ఒక్కోచోట నాలుగైదు శ్వాసలు. మొత్తం పది నిమిషాలు.

శ్వాస విషయంలో, పెద్దగా పీల్చడం మంచిదనుకుని గబగబా లోతుగా పీలుస్తారు. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, చేతులు కొంకర్లు పోతాయి, తల తేలిపోతుంది. దాన్ని చూసి భయం ఇంకా పెరుగుతుంది. ముక్కుతో నాలుగు అంకెలు పీల్చి ఆరు అంకెలు వదలండి, మామూలు లోతులోనే. ఐదు నిమిషాలు.

#8 సూర్యోదయం

ఇదంతా సరే గానీ, పడుకుంటే ఇంకా నీరసం పెరుగుతుంది. రోజూ గంటసేపు చెమట పట్టేలా వ్యాయామం చేస్తే మందు ఒంట్లోంచి త్వరగా పోతుందని విన్నాను.

#9 కండరంపట్టు

సూర్యోదయం గారూ, సగం నిజం. పూర్తిగా పడుకుండిపోతే కండరాలు క్షీణిస్తాయి, నిద్ర ఇంకా చెడుతుంది. కానీ ఈ మందులు చెమటలో పోవు. కాలేయం వాటిని విడగొడుతుంది, ఆ వేగం వ్యాయామంతో చెప్పుకోదగ్గంత మారదు. మందు త్వరగా పోవడం మనకి కావాల్సింది కూడా కాదు, నెమ్మదిగా పోవాలనే కదా ఇంత కష్టం.

ఈ దశలో గంట వ్యాయామం చేస్తే మర్నాడు, ఆ మర్నాడు లేవలేరు. చదునైన దారిలో ఐదు నుంచి పది నిమిషాల నడక, రోజుకి రెండుసార్లు, మాట్లాడుతూ నడవగలిగేంత వేగంలో. మర్నాడు పొద్దున ముందురోజుకంటే అధ్వానంగా లేకపోతే వారం తర్వాత ఒకట్రెండు నిమిషాలు పెంచండి. అధ్వానంగా ఉంటే సగానికి తగ్గించండి. కుర్చీలో కూర్చుని చేసే మెడ, భుజాల కదలికలైనా చాలు.

ఎక్కువమంది దెబ్బతినేది బాగున్న రోజునే. ఒకరోజు కాస్త తెరిపిగా ఉండగానే వారం రోజుల బట్టలు ఉతికేసి, ఇల్లంతా సర్దేసి, తర్వాత మూడ్రోజులు మంచం పడతారు. బాగున్న రోజున చేయగలిగినదాంట్లో సగమే చేయాలి. పని ముక్కలు చేసి, అలసట రాకముందే కూర్చోవాలి. పది నిమిషాల పని, పది నిమిషాల విశ్రాంతి. స్నానం, వంట ఒకే పూట పెట్టుకోకూడదు.

#10 రాత్రిపిట్ట

నీళ్ళు, నిద్ర గురించి చిన్నగా.

చెమటలు, విరేచనాలు ఉంటే ఓఆర్‌ఎస్ మంచిది. పొట్లం దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటికి ఆరు సమమైన టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కాబట్టి చెంచా అంచుకి సమంగా గీయండి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు, షుగరు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగాలి. ఆకలి లేకపోతే మూడు పూటలు కాకుండా ఆరు చిన్న పూటలు. రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు వచ్చే వణుకూ, విత్‌డ్రాయల్ వణుకూ ఒకేలా ఉంటాయి.

కాఫీ, టీ మధ్యాహ్నం తర్వాత వద్దు. కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు. ఒక్కసారే మానేస్తే దాని తలనొప్పి, నీరసం కూడా వచ్చి కలుస్తాయి, అందుకని రెండు మూడు రోజులకి అరకప్పు చొప్పున తగ్గించండి. మద్యం అసలే వద్దు. అది పనిచేసేదీ గాబా దారిలోనే. ఆ రాత్రి నొప్పి తగ్గినట్టుంటుంది, తెల్లవారుజామున రెట్టింపు అవుతుంది.

పగలు నిద్ర వస్తే 20 నుంచి 30 నిమిషాలు, మధ్యాహ్నం మూడులోపే. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున లేచే టైము మారకూడదు. నిద్రకని అలర్జీ మాత్రలు (డైఫెన్‌హైడ్రమిన్ లాంటివి) వేసుకుంటే కొందరికి కాళ్ళలో పీకులాట ఇంకా పెరుగుతుంది.

#11 తూకంరాయి

మళ్ళీ డోసు దగ్గరికి. కుదుటపడ్డాక తర్వాతి మెట్టు ఎలాగో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

0.25 మాత్రని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 0.0625. 0.75 దగ్గర అంత తీసేస్తే దాదాపు 8 శాతం, బాగానే ఉంది. 0.5 దగ్గర అదే ముక్క 12.5 శాతం. 0.25కి వచ్చేసరికి 25 శాతం. తీసేది అదే ముక్క, తగిలే దెబ్బ మూడింతలు. "చివర్లోనే కష్టమైంది" అని చాలామంది అనడానికి ఇదొక కారణం. ఎప్పుడూ ఇప్పుడున్న డోసులో శాతం లెక్కేయాలి, మొదటి డోసులో కాదు.

అందుకే 0.5 కిందకి వచ్చాక చుక్కల మందో, ఫార్మసీ చేసిచ్చే ద్రవమో దొరుకుతుందేమో డాక్టర్ని అడగండి. ఇంట్లో మాత్రని నీళ్ళలో కలపడం సరికాదు. క్లోనజెపామ్ నీళ్ళలో దాదాపు కరగదు, అడుక్కి దిగుతుంది. పైన తాగితే తక్కువ, అడుగున తాగితే ఎక్కువ.

ద్రవం దొరక్కపోతే 0.001 గ్రాము చూపే తూకం. పది మాత్రలు తూచి సగటు తీయండి. ఉదాహరణకి 0.5 మి.గ్రా. మాత్ర మొత్తం బరువు 160 మి.గ్రా. ఉందనుకుందాం. 0.05 మి.గ్రా. మందు తగ్గించాలంటే 16 మి.గ్రా. మాత్ర గీసేయాలి. తూకం రెండు మూడు మి.గ్రా. అటూఇటూ చూపినా మందులో తేడా 0.01 లోపే. ఫ్యాను ఆపండి, తూకం గట్టి బల్ల మీద పెట్టండి, ప్రతిసారీ సున్నా చూసుకోండి. కంపెనీ మారితే మాత్ర బరువు మారుతుంది, మళ్ళీ లెక్కేయాలి. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రల్ని (కొన్ని ఆల్‌ప్రజోలామ్, జోల్పిడెమ్ మాత్రలు అలా ఉంటాయి) కోయకూడదు, గీయకూడదు.

డయజెపామ్‌కి మార్చుకుని తగ్గించే పద్ధతి కూడా ఉంది. కానీ 0.5 మి.గ్రా. క్లోనజెపామ్‌కి ఎంత డయజెపామ్ సమానం అన్నదాంట్లో ఒక పట్టిక 5 అంటుంది, ఇంకోటి 10 అంటుంది. అది డాక్టరు చేతుల్లో, విడతల వారీగా జరగాల్సిన పని.

#12 మోడరేటర్

ఈ చర్చలో చెప్పినవేవీ ఈ కింది స్థితులకి వర్తించవు. ఫిట్స్, లేనివి కనబడటం లేదా వినబడటం, మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం, జ్వరం ఎక్కువగా ఉండి మతి తప్పడం లేదా ఒళ్ళు కొయ్యబారడం, మెడ వంగనంత తలనొప్పి, ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, ఒకవైపు బలం పోవడం. వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి. ఏ మందు, ఎంత నుంచి ఎంతకి, ఏ తేదీన తగ్గించారో అక్కడ మొదటి మాటగా చెప్పండి. చనిపోవాలనే ఆలోచనలు వస్తే మనిషిని ఒంటరిగా వదలకండి, అదే రోజు వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి.

#13 నీలిగోరింట

రేపు డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాం. 0.875 గురించి అడుగుతాను. ఇంకేమైనా అడగాలా? ఇంకో సందేహం, వికారం ఉంది, మాత్ర వేసుకున్నాక వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలా?

#14 మాత్రపెట్టె

ఒక కాగితం మీద రోజుకో వరుస రాసి తీసుకెళ్ళండి: డోసు, వేసుకున్న టైము, ఉష్ణోగ్రత, నిద్ర ఎన్ని గంటలు, నొప్పి పదికి ఎంత, ఆ రోజు వేసుకున్న ఇతర మాత్రలు. రాత్రి ఒకేసారి వేసుకునే డోసుని రెండుగా విడగొట్టడం వల్ల లాభం ఉంటుందా అని అడగండి. సాయంత్రం అయ్యేసరికి లక్షణాలు పెరిగి, మాత్ర వేసుకున్న గంటకి తగ్గుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. పొద్దున డోసు మొదలైతే మత్తు ఎలా ఉందో తెలిసేదాకా బండి నడపకూడదు.

ఇక ముందు ఏ కొత్త మందు రాసినా, పంటి డాక్టరైనా సరే, తగ్గింపులో ఉన్నామని చెప్పండి. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబపు యాంటీబయాటిక్‌లు గాబా పనికి అడ్డుపడతాయి, ఐబుప్రోఫెన్ లాంటివి కలిస్తే ఇంకా ఎక్కువ. వేరే మందు ఉంటే అదే మేలు. క్షయకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే కార్బమజెపైన్ లాంటివి క్లోనజెపామ్‌ని త్వరగా విడగొట్టేస్తాయి, డోసు తగ్గించకపోయినా తగ్గించినట్టే అవుతుంది. క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ దీనికి ఎదురు, స్థాయి పెంచి మత్తు ఎక్కువ చేస్తుంది.

వాంతి విషయానికి వస్తే, అందాజాగా రెండో మాత్ర వేయకండి. వేసుకున్న ఎంతసేపటికి అయిందో, వాంతిలో మాత్ర కనబడిందో లేదో చూసి డాక్టరుకో ఫార్మసిస్టుకో ఫోన్ చేయండి. వేసుకున్న వెంటనే మాత్ర అలాగే బయటికి వచ్చేస్తే మళ్ళీ వేయమనే అవకాశం ఎక్కువ. గంటలు గడిచాక అయితే మందు చాలావరకు ఒంటికి పట్టేసి ఉంటుంది. వరుసగా రెండు రోజులు మాత్ర లోపల నిలవకపోతే అది హఠాత్తుగా ఆపేసినదానితో సమానం. మూడో రోజు కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, నోటి ద్వారా కాకుండా ఇచ్చే దారి అక్కడ ఉంటుంది.